పదకొండో పేరు

కావలి ట్రంకు రోడ్డులో ఒక మందుల షాపుకీ టైలరు కొట్టుకీ మధ్య ఇరుకు మెట్లుండేవి. ఆ మెట్లెక్కితే జడ్సన్ కొట్టు. బోర్డు మీద పెద్ద ఇంగ్లీషు పేరేదో ఉండేది గానీ ఆ పేరుతో ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. అల్లూరు నుంచి కృష్ణపట్నం దాకా ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల మేత డీలర్లు, లారీ ఆఫీసులు, అందరికీ అతను కంప్యూటర్ల జడ్సనే.

సన్నగా, కాస్త ముందుకు వంగి నడిచే మనిషి. చొక్కా జేబులో పెన్నుతో పాటు ఒక పెయింటు బ్రష్షు, పిల్లలు వాడే రబ్బరు ముక్క ఎప్పుడూ ఉండేవి. సముద్రపు గాలికి రెండేళ్ళలో ఏ మిషనైనా లోపల పచ్చగా చిలుము పడుతుంది. బ్రష్షుతో దులిపి, రబ్బరుతో కొసలు రుద్ది మళ్ళీ బిగిస్తే చచ్చిందనుకున్న కంప్యూటరు లేచి కూర్చునేది. ఇరవై ఏళ్ళు ఆ పని చేశాడు. పని తెలిసినవాడనీ, అబద్ధం చెప్పి పార్టులు అంటగట్టడనీ పేరుంది.

పదిహేనేళ్ళ కిందట అతని రోజులు బాగుండేవి. వర్చువల్ మిషన్ల పని నేర్చుకున్నది అప్పుడే. ఒక ఆఫీసులో నాలుగైదు పాత కంప్యూటర్లు చేసే పనంతా ఒకే సర్వరులోకి ఎక్కించేవాడు. జువ్వలదిన్నె ఐసు ఫ్యాక్టరీ ఓనరు నరేంద్రబాబు మొదట నమ్మలేదు.

"నాలుగు పీకేసి ఒకటి పెడతానంటావు, మిగతా మూడూ యాడికి పోతాయయ్యా?"

"యాడికీ పోవన్నా. నాలుగూ దీంట్లోనే ఉంటాయి. ఒక ఇంట్లో నాలుగు పోర్షన్లు ఉన్నట్టు అనుకో. ఎవరి తలుపు వాళ్ళది, ఎవరి పొయ్యి వాళ్ళది. మిద్దె మాత్రం ఒకటే."

"ఆ మిద్దె కూలితే?"

"కూలకుండా చూసేదానికే కదన్నా నేనుండేది" అని నవ్వాడు జడ్సన్.

ఏడెనిమిదేళ్ళు ఆ మాట నిలబెట్టుకున్నాడు. తర్వాత మద్రాసు నుంచి, హైదరాబాదు నుంచి టై కట్టుకున్న కుర్రాళ్ళు రావడం మొదలైంది. సర్వరు మీ ఆఫీసులో ఉండనక్కర్లేదు, ఎక్కడో పెద్ద పెద్ద కేంద్రాల్లో మావి వేలకొద్దీ ఉన్నాయి, అందులో మీకు కొంచెం చోటిస్తాం, ఇంటర్నెట్టుంటే చాలు అన్నారు. క్లౌడ్ అన్నారు. మొదట పోయింది నరేంద్రబాబే.

"ఏమీ అనుకోబాక జడ్సన్. మా అల్లుడు ఒకటే పోరు పెడతా ఉండాడు."

"అనుకునేదేముందన్నా" అన్నాడు జడ్సన్. ఐసు ఫ్యాక్టరీ సమాచారమంతా పైకి ఎక్కించే పని కూడా అతనే దగ్గరుండి చేసిపెట్టాడు. అంతా చేరిందని ఫోను వచ్చాక, ఎనిమిదేళ్ళుగా తిరుగుతున్న సర్వరును తన చేత్తోనే ఆపాడు. ఫ్యాను చప్పుడు సన్నబడి ఆగిపోయింది. ఆ గదిలో అంత నిశ్శబ్దం అతనెప్పుడూ వినలేదు. తర్వాత రెండేళ్ళలో లారీ ఆఫీసు పోయింది, మేత డీలర్లు పోయారు.

భార్య ఆనందకుమారి మిషన్ స్కూల్లో టీచరు. "నువ్వు కూడా అదే నేర్చుకోరాదా? వాళ్ళేమన్నా పైనుంచి దిగి వచ్చినారా?" అంది. నేర్చుకుందామనే కూర్చున్నాడు. వీడియోలు పెట్టుకుని, ఆపి ఆపి విని, నోట్సు రాసుకున్నాడు. నెల్లూరు వెళ్ళి పరీక్ష రాశాడు. పోయింది. పోయిన సంగతి ఆనందకుమారికి చెప్పలేదు. నలభై ఏడేళ్ళ వయసులో పరీక్ష తప్పానని చెప్పడానికి నోరు రాలేదు. ఖర్చులకు సీసీ కెమెరాలు బిగించే పని ఒప్పుకున్నాడు. ఒకరోజు దుకాణం, ఒకరోజు రొయ్యల చెరువు, నిచ్చెన భుజాన వేసుకుని తిరిగేవాడు.

చివరికి పెద్ద పని అని చెప్పుకోవడానికి ఒక్కటే మిగిలింది. అది బిట్రగుంటలో డాక్టర్ రెబెక్కమ్మ గారి ఆస్పత్రి. రైల్వే క్వార్టర్ల వెనక ఇరవై పడకల చిన్న ఆస్పత్రి అది. ఆవిడకు అరవై ఎనిమిదేళ్ళు. చుట్టుపక్కల రేవు పల్లెల్లో సగం మంది ఆవిడ చేతుల్లోనే పుట్టారు. జడ్సన్ కూతురు కూడా ఆ ఆస్పత్రిలోనే పుట్టింది. అక్కడి సర్వరును మెట్ల కింది గదిలో పెట్టింది అతనే. రోగుల వివరాలు, పరీక్షల ఫలితాలు, ఎవరిని మళ్ళీ ఎప్పుడు పిలవాలన్న జాబితా, అన్నీ అందులోనే. నర్సు డెబోరా ప్రతి సోమవారం ఆ జాబితా తీసి ఒక్కొక్కరికీ ఫోను చేసేది.

ఆ ఏడాది ఎండాకాలంలో డాక్టరమ్మ అతన్ని పిలిపించింది.

"అందరూ క్లౌడ్ అంటా ఉండారే నాయనా, మనం కూడా పోదామా? నాకు ఇవన్నీ తెల్దు. నువ్వేం చెప్తే అది."

జడ్సన్ కాసేపు ఆలోచించినట్టు కూర్చున్నాడు. "తుఫాను వస్తే ఇక్కడ నాలుగు రోజులు ఇంటర్నెట్టు ఉండదమ్మా. అప్పుడు పేషెంటు వస్తే ఏం చూస్తారు? పైగా ఆడవాళ్ళ వివరాలు, ఎవరి చేతుల్లోనో పెట్టడం..."

"అదీ నిజమేలే" అంది ఆవిడ.

రెండూ నిజాలే. మూడోది అతను చెప్పలేదు. సర్వరులో ఉన్న రెండు డిస్కుల్లో ఒకటి నెల నుంచి హెచ్చరిక లైటు వెలిగిస్తోంది. అన్నిటికీ మరో కాపీ ఉంది గానీ అది కూడా అదే గదిలో, పక్క అరలోనే ఉంది. ప్రతివారం ఒక కాపీ కావలికి తన ఇంటికి తీసుకుపోవాలని తనే పెట్టుకున్న నియమం. నిచ్చెన పనుల్లో పడి అది నెలకొకసారి అయింది, జూలై తర్వాత అసలు ఆగిపోయింది. డిస్కు మార్చాలని చెబితే డాక్టరమ్మ మళ్ళీ క్లౌడ్ మాట ఎత్తుతుందేమోనని భయం. వచ్చే నెల చూద్దాంలే అనుకున్నాడు. అలా నవంబరు వచ్చింది.

నవంబరు ఆఖరి వారంలో జువ్వలదిన్నె కమ్యూనిటీ హాల్లో రెండు రోజులు ఆడవాళ్ళకు క్యాన్సరు పరీక్షల శిబిరం పెట్టారు. డాక్టరమ్మ, నెల్లూరు నుంచి వచ్చిన మరో లేడీ డాక్టరు కలిసి నూట అరవై మందిని చూశారు. డెబోరా ఒక ల్యాప్‌టాప్ పెట్టుకుని పేర్లు, ఫోను నంబర్లు, డాక్టర్లు చెప్పినవి ఎక్కించింది. ఆ ఏర్పాటు జడ్సన్‌దే. ల్యాప్‌టాప్‌లో ఏమీ ఉండదు, కొట్టింది కొట్టినట్టు బిట్రగుంట సర్వరులోకి వెళ్ళిపోతుంది. "ల్యాప్‌టాప్ సముద్రంలో పడినా ఒక్క పేరు పోదు. ఇంక కాగితాలెందుకమ్మా" అని డెబోరాతో అన్నది కూడా అతనే.

అనుమానం ఉన్నవాళ్ళు పదకొండు మంది తేలారు. నెల్లూరు నుంచి స్పెషలిస్టు వచ్చే రోజు ఖాయం చేసుకుని మేమే ఫోను చేసి పిలుస్తామని వాళ్ళకు చెప్పి పంపారు.

వారం తిరక్కముందే తుఫాను వచ్చింది. రెండు రోజులు ఆగకుండా వాన. కరెంటు పోవడం, రావడం, జనరేటరు దగ్గి ఆగిపోవడం. మూడోరోజు పొద్దున జడ్సన్ మోకాళ్ళ లోతు నీళ్ళలో బండి తోసుకుంటూ బిట్రగుంట చేరాడు. మెట్ల కింది గదిలో గోడలోని వైరు గొట్టం వెంట నీళ్ళు దిగి నేరుగా సర్వరు మీద కారుతున్నాయి. పక్క అరలో ఉన్న కాపీ డబ్బా కూడా నిండా తడిసింది. డిస్కులు ఊడదీసి, తుడిచి, ఆరబెట్టి, కొట్టుకు తీసుకుపోయి తగిలించాడు. కాపీ డబ్బాలోది, సర్వరులోది ఒకటి ఉలుకూ పలుకూ లేవు. రెండోది టిక్కు టిక్కుమంటూ ఉంది. జేబులోని బ్రష్షు, రబ్బరు అక్కడ ఎందుకూ పనికిరాలేదు. మద్రాసులో ఇలాంటివి బాగుచేసే చోటికి తనే పట్టుకెళ్ళాడు. పన్నెండు రోజుల తర్వాత, ఏమీ తియ్యలేమని చెప్పి తిరిగి ఇచ్చేశారు.

జూలైకి ముందువి అతని ఇంట్లో ఉన్న కాపీ నుంచి వచ్చాయి. జూలై తర్వాతవి లేవు.

"తుఫానుకు నువ్వేం చేస్తావు నాయనా. ఎన్ని పడవలు పోయినాయి, ఎన్ని ఇళ్ళు పోయినాయి" అంది డాక్టరమ్మ. జడ్సన్ తల వంచుకుని విన్నాడు.

డెబోరా కళ్ళు మూసుకుని ముఖాలు గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ముక్కుకు రెండు వైపులా పుడకలున్నావిడ. చంకలో పిల్లాణ్ణి దించకుండా పరీక్షకు వచ్చిన అమ్మాయి. ఎండుచేపల కొట్టు పోలేరమ్మ. అలా ఎనిమిది మందిని పట్టుకుంది. మిగతా ముగ్గురి కోసం ఆటోకి మైకు కట్టి ఊళ్ళో చాటించారు. ఇద్దరు వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. పది మంది అయ్యారు.

పదకొండో మనిషి కోసం జడ్సన్, డెబోరా వీధివీధీ తిరిగారు. తుఫానుకు పడవలు పగిలి చాలామంది బతుకుతెరువుకు పోయారు. తాళాలు పడిన ఇళ్ళు పద్నాలుగు. పక్కవాళ్ళను అడిగి ఫోను నంబర్లు రాసుకున్నాడు జడ్సన్. పదమూడు ఇళ్ళ వాళ్ళు పలికారు, వాళ్ళలో ఎవరూ కారు. పద్నాలుగోది పెంచల్ అనే అతని నంబరు, అందుబాటులో లేదు అంటోంది. అతని భార్య నంబరు పక్కవాళ్ళెవరి దగ్గరా లేదు. భార్యను, కూతుర్ని తీసుకుని దొరవారిసత్రం వైపు అత్తగారి ఊరికి పోయినాడని చెప్పారు. ఏ ఊరో ఎవరికీ సరిగ్గా తెలియదు. జడ్సన్ నాలుగు రోజులు పొద్దున్నే ఆ నంబరుకు చేశాడు. అయిదో రోజు చెయ్యలేదు.

"పదేనేమో డెబోరా. నువ్వు లెక్క తప్పినావేమో" అన్నాడు.

"పదకొండన్నా. డాక్టరమ్మ పదకొండు అంటే నేను మళ్ళీ అడిగి టైపు కొట్టినా" అంది డెబోరా. ఆ తర్వాత ఆ పిల్ల సరిగ్గా అన్నం తినడం లేదని ఆస్పత్రిలో అనుకునేవాళ్ళు.

జనవరి నుంచి జడ్సన్ చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళడం మానేశాడు. మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అందరూ లేచి వరుస కడితే, అతను బెంచీ చివర కూర్చుండిపోయేవాడు. ఒంట్లో బాలేదా అని అడిగింది ఆనందకుమారి. బాగానే ఉందన్నాడు. మూడో నెల కూడా అలాగే కూర్చునేసరికి ఆవిడ ఇంక అడగలేదు.

జూన్‌లో చేపలవేట నిషేధం ముగుస్తుండగా పెంచల్ కుటుంబం జువ్వలదిన్నె తిరిగి వచ్చింది. వచ్చిన మూడోరోజే అతను భార్య మహాలక్ష్మిని ఆటోలో బిట్రగుంటకు తీసుకొచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, తెల్లగా పాలిపోయి ఉంది. రెండు నెలలుగా రక్తం పోతోంది. డెబోరా ఆమె ముఖం చూసి, చేతిలోని ట్రే బల్ల మీద పెట్టి, శిబిరంలో చూసిన పదకొండో మనిషి ఈమేనంది.

నెల్లూరులో పరీక్షలు చేసి, క్యాన్సరు ఆపరేషను చేసే దశ దాటిపోయిందన్నారు. మద్రాసు తీసుకెళ్ళి రేడియేషన్ కరెంటు పెట్టించాలన్నారు.

ఆ సాయంత్రం జడ్సన్ డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఆవిడ కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మా, ఆ రోజు మీరు అడిగినప్పుడు నేను సగమే చెప్పినాను."

"ఏ రోజు?"

"క్లౌడ్‌కి పోదామా అని అడిగినారే, ఆ రోజు."

వెలుగుతున్న లైటు సంగతి, పక్క అరలోని కాపీ సంగతి, జూలై తర్వాత ఇంటికి తీసుకుపోని సంగతి, అన్నీ చెప్పాడు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నీ పని పోతుందని భయపడినావా?"

"అవునమ్మా."

"ఆ మాట ఆ రోజే చెప్పుంటే నిన్ను వదిలిపెట్టేదాన్నా జడ్సన్?"

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "పో. పోయి డెబోరాకి చెప్పు. తను సరిగ్గా గుర్తుపెట్టుకోలేదని ఆరు నెలల్నించీ ఆ పిల్ల కుమిలిపోతా ఉండాది. ముందు దానికి చెప్పు."

చెప్పాడు. డెబోరా తల ఊపి, వార్డులోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ అతన్ని అన్నా అని పిలవలేదు.

మద్రాసుకు మహాలక్ష్మిని తీసుకుపోయే కారును జడ్సన్ మాట్లాడాడు. ముందు సీట్లో తనూ కూర్చున్నాడు. వెనక మహాలక్ష్మి, పెంచల్. సూళ్ళూరుపేట దాటాక పెంచల్ నిద్రపోయాడు. మహాలక్ష్మి మెల్లగా మాట్లాడుతూనే ఉంది.

"ఫోను చేస్తామన్నారు సార్. తుఫాన్లో కరెంటు లేకపోతే ట్రాక్టరు బ్యాటరీకి పెట్టి ఛార్జింగు ఎక్కించినా, ఎందుకన్నా మంచిదని. ఈయన ఫోను పడవ లాగేటప్పుడు నీళ్ళల్లో పాయె. నాది మటుకు జాగ్రత్తగా పెట్టుకున్నా. మా అమ్మోళ్ళ ఊళ్ళో సిగ్నలుండదు. దినాం సాయంత్రం పక్కింటోళ్ళ మిద్దె ఎక్కి చూసేదాన్ని. రాలేదు."

జడ్సన్ ముందున్న రోడ్డు వైపు చూస్తున్నాడు.

"రాకపోతే ఏమీ లేనట్టే కదా అనుకున్నా. మిద్దె దిగేటప్పుడు దినాం సంతోషంగానే దిగేదాన్ని సార్."

కారు ఆపమని చెప్పి జడ్సన్ దిగాడు. మంచినీళ్ళ సీసాలు కొనుక్కొస్తానన్నాడు. సీసాలు కారులో ఉన్నాయి.

ఎనిమిది నెలలు అతను ఆ ఇంటికి వెళ్ళి వస్తూనే ఉన్నాడు. మందులు తెచ్చేవాడు. మద్రాసు వాళ్ళు రాసిన కాగితాలు చదివి చెప్పేవాడు. కూతురు ఉష ఇంటరు చదువుతోంది, ఆ పిల్లకు పరీక్ష ఫారాలు నింపిపెట్టేవాడు. మహాలక్ష్మి అతనికి చేపల పులుసు పోసి అన్నం పెట్టాలని మంచం మీంచే కూతురికి చెప్పేది. అతను ఏదో వంక చెప్పి తినకుండా లేచిపోయేవాడు. నిజం చెప్పాలని ప్రతిసారీ అనుకునే వెళ్ళేవాడు. మంచంలో ఉన్న మనిషికి ఏమని చెప్పడం అని ప్రతిసారీ తిరిగి వచ్చేవాడు. మహాలక్ష్మి ఫిబ్రవరిలో పోయింది.

ఆ ఎనిమిది నెలల్లోనే డాక్టరమ్మ ఆస్పత్రి వివరాలన్నీ క్లౌడ్‌కి ఎక్కించాలని నిర్ణయించింది. ఆ పని జడ్సన్‌నే చెయ్యమంది. చేశాడు. పది రోజులు మెట్ల కింది గదిలో కూర్చుని, ఒక్కొక్కటీ రెండుసార్లు సరిచూసి ఎక్కించాడు. ఆ గది తాళంచెవి డాక్టరమ్మకు ఇస్తే, ఆవిడ తీసుకుని సొరుగులో వేసింది. మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు.

కర్మకాండలు అయిన వారం రోజులకు జడ్సన్ జువ్వలదిన్నె హార్బరుకు వెళ్ళాడు. పొద్దున తొమ్మిదవుతోంది. పడవల నుంచి దించిన చేపలు అమ్ముడైపోయి, జనం పల్చబడుతున్నారు. పెంచల్ ఒక షెడ్డు నీడలో కాళ్ళు చాపి వల బాగుచేసుకుంటున్నాడు. జడ్సన్ ఎదురుగా కింద కూర్చున్నాడు.

"పెంచలయ్యా, నీకొక మాట చెప్పాల."

చెప్పాడు. తనకు తెలిసిన పెద్ద మాటలేవీ వాడకుండా చెప్పాడు. "అందరి పేర్లూ ఒకే పెట్టెలో ఉన్నాయి. ఆ పెట్టె నేను పెట్టిందే. అది చెడిపోతా ఉండాదని నాకు తెలుసు. వేరే చోట దాచిపెడదామా అని డాక్టరమ్మ అడిగితే నేనే వద్దన్నా. తుఫానుకు అది పోయింది. మహాలక్ష్మి పేరు, ఫోను నంబరు దాంట్లోనే పోయినాయి. అందుకే ఫోను రాలేదు."

పెంచల్ చేతిలో వల అల్లే సూది ఆగింది. "పేరు పోయిందా? ఆమె పేరా?"

"అవును."

"తుఫానని కదా అందరూ అన్నారు."

"తుఫాను ఒకటే కాదు."

పెంచల్ అతని ముఖంలోకి చూశాడు. కోపం ఉన్నట్టు లేదు. ఏదో దూరంగా ఉన్నదాన్ని గుర్తుపట్టడానికి చూసినట్టు చూశాడు. "మద్రాసుకు కారు తెచ్చినావు. మందులు తెచ్చినావు. ఎవురయ్యా ఈయన, మనోడు కాదు, మన ఊరోడు కాదు, ఇంత చేస్తా ఉండాడు అనేది ఆమె. ఇందుకా చేసింది?"

జడ్సన్ తల ఊపాడు.

"ఆమెకి చెప్పినావా?"

"చెప్పలేకపోయినా."

"మంచి పని చేసినావు" అన్నాడు పెంచల్. అది మెచ్చుకోలో, మరొకటో జడ్సన్‌కు అర్థం కాలేదు. పెంచల్ మళ్ళీ వల మీదికి వంగి, తెగిన చోట వేలు పెట్టి, ముడి వేసి, పళ్ళతో దారం కొరికాడు. మూడు నాలుగు వల కళ్ళు అల్లాక తల ఎత్తకుండానే అన్నాడు.

"ఉషకి చెప్పబాకన్నా. ఆ పిల్ల నీకు ఉత్తరం రాసి పెట్టింది, వాళ్ళమ్మకి చేసినదానికి. ఇద్దామనుకున్నా. మా ఇంటికి మళ్ళీ రాబాక."

జడ్సన్ లేచాడు. ప్యాంటుకు అంటుకున్న ఇసుక కూడా దులుపుకోకుండా బండి దాకా నడిచాడు.

ఆ నెలాఖరుకే కావలిలో కొట్టు ఖాళీ చేశాడు. ఇప్పుడు కృష్ణపట్నం వైపు ఒక కంపెనీ గోడౌనులో కెమెరాల తెరల ముందు కూర్చునే ఉద్యోగం. పొద్దున ఆరింటికల్లా కంపెనీ బస్సు వస్తుంది. పక్కన కూర్చున్న వాళ్ళు ఇంతకుముందు ఏం చేసేవాడివన్నా అని అడిగితే, కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి అంటాడు. అంతకుమించి ఏమీ చెప్పడు.